పెరట్లో నీళ్ల ట్యాంకు చలికి పాడవకుండా: అమెరికా చలికాలానికి సమగ్ర మార్గదర్శి

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు పెరట్లో ముందు గోంగూర వేస్తారు, తర్వాత సొరపాదుకి పందిరి కడతారు, ఆ వేసవిలో నీళ్ల బిల్లు చూసి వాన నీళ్లు పట్టడానికి ఒక ట్యాంకు తెచ్చిపెడతారు. ఎక్కువగా కనిపించేది ఇనుప చట్రంలో కూర్చున్న తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు. ఐబీసీ టోట్ అంటారు. 275 గ్యాలన్లు, అంటే దాదాపు 1,040 లీటర్లు పడుతుంది. అక్టోబరు దాకా దానితో ఏ గొడవా ఉండదు. డిసెంబరులో దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. మార్చిలో వెళ్లి చూస్తే కుళాయి నిలువునా చీలి ఉంటుంది.

ఇలాంటి ట్యాంకుని చలికాలం ఎలా దాటించాలో అంచెలంచెలుగా చెప్పుకుందాం. కోళ్లకీ మేకలకీ నీళ్లు పెట్టే తొట్టెకి, వాన నీళ్ల డ్రమ్ముకి కూడా చాలావరకు ఇవే పద్ధతులు. డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లో చెబుతున్నాను, 32 అంటే మన సున్నా సెల్సియస్.

మొదటే ఒక మాట. ట్యాంకు పగలడం అరుదు. పగిలేవి దాని కింద ఉండే వాల్వు, దానికి బిగించిన కుళాయి, అక్కడి నుంచి వెళ్లే పైపు. చాలామంది ట్యాంకుకి దుప్పట్లు చుట్టి కుళాయిని గాలికి వదిలేస్తారు. డబ్బు, శ్రమ రెండూ ముందు కుళాయి దగ్గర పెట్టాలి.

గడ్డకట్టడం ఎలా మొదలవుతుంది

నీళ్లు చల్లబడేకొద్దీ బరువెక్కి కిందికి దిగుతాయి. అయితే 39 డిగ్రీల దగ్గర ఈ వరస తిరగబడుతుంది. అంతకంటే చల్లబడ్డ నీళ్లు తేలికై పైకి వస్తాయి. అందుకే మంచు ఎప్పుడూ పైన కడుతుంది, అడుగున కాస్త వెచ్చటి నీళ్లు మిగులుతాయి. మన వాల్వు ఉండేది అడుగునే కదా, మరి అదెందుకు ముందు పగులుతుంది? వాల్వు లోపలివైపు ఎంత వెచ్చగా ఉన్నా బయటివైపు చలిగాలిలోకి పొడుచుకుని ఉంటుంది. అందులో నిలిచే నీళ్లు గ్లాసెడు కూడా ఉండవు. గ్లాసెడు నీళ్లు గడ్డకట్టడానికి ఒక రాత్రి చాలు.

వెయ్యి లీటర్ల సంగతి వేరు. 275 గ్యాలన్ల నీళ్లు 50 డిగ్రీల నుంచి 32కి దిగాలంటే సుమారు 12 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి బయటికి పోవాలి. అక్కడి నుంచి మొత్తం గడ్డకట్టాలంటే ఇంకో 96 యూనిట్లు. అంటే చల్లబడడం తేలిక, గడ్డకట్టడం చాలా నెమ్మది. లంబసింగిలో తెల్లవారుజామున చలి సున్నా సెల్సియస్ దగ్గరకు వెళ్లినా డాబా మీద ట్యాంకులు గడ్డకట్టకపోవడానికి ఇదే కారణం. పొద్దెక్కేసరికి ఎండ వచ్చి రాత్రి పోయిన వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. షికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఆ ఎండ సాయం ఉండదు. పగలూ రాత్రీ వారాల తరబడి 32 కిందే ఉంటుంది.

నీళ్లు మంచుగా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. పైన ఖాళీ ఉంటే మంచు పైకి జరుగుతుంది, ఇబ్బంది లేదు. పైపులో అలా జరిగే చోటు ఉండదు. పైపు చాలాసార్లు మంచు కట్టిన చోట పగలదు. మంచు గడ్డకీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీళ్ల మీద ఒత్తిడి పెరిగిపోయి అక్కడ పగులుతుంది. చలి రాత్రుల్లో కుళాయిని సన్నటి ధారగా వదలమని చెప్పేది ఈ ఒత్తిడి బయటికి పోవడానికే.

1. ఖాళీ చేయాలా, నింపి ఉంచాలా?

చలికాలంలో ఆ నీళ్లతో పని ఉందా అని మిమ్మల్ని మీరు నిక్కచ్చిగా అడగండి. తోట కోసమే అయితే న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి చోట్ల నవంబరు నుంచి మార్చి దాకా ఆ నీళ్లతో పనేమీ లేదు. ఖాళీ చేసేయండి. హీటరూ వద్దు, ఫోమూ వద్దు, టెన్షనూ వద్దు. "నీళ్లు వృథా" అనిపిస్తే చెట్ల మొదళ్లలో పోయండి. నేల గడ్డకట్టకముందు వేళ్లకి తడి తగిలితే పళ్ల చెట్లకి మంచిదే.

పశువులు, కోళ్లు ఉన్నాయి, లేదా గ్రీన్‌హౌస్ నడుపుతున్నారు, లేదా మీ ఊళ్లో బావి నీళ్లు తప్ప వేరే ఆధారం లేదు అంటే మాత్రం నింపి ఉంచాల్సిందే. మీరు 3వ అంచె నుంచి చదవండి.

టెక్సస్, జార్జియా, నార్త్ కరోలైనా వాళ్లది మధ్యస్థం. చలికాలమంతా తోట నడుస్తుంది, ఏడాదికి ఒకటో రెండో సార్లు గట్టి చలి వచ్చి పోతుంది. వాళ్ల కోసం విడిగా చెబుతాను.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? కరివేపాకు కుండీ ఇంట్లోకి తెచ్చే వారమే ట్యాంకు పని కూడా పెట్టుకోండి. ఆ కుండీని మనం ఎలాగూ మరిచిపోం.

2. ఖాళీ చేసేవాళ్లకి

ముందు పైకప్పు నుంచి ట్యాంకులోకి నీళ్లొచ్చే దారి మూసేయండి. గట్టర్ పైపుకి డైవర్టర్, అంటే నీళ్ల దారి మళ్లించే ముక్క ఉంటే దాన్ని చలికాలం వైపుకి తిప్పండి. లేకపోతే పైపుని ట్యాంకు నుంచి విడదీసి నీళ్లు ఇంటి గోడకి దూరంగా పడేలా పొడిగించండి. ఈ పని మరిచి ట్యాంకు ఖాళీ చేస్తే డిసెంబరులో ఒక్క వానకి మళ్లీ సగం నిండుతుంది, అక్కడే గడ్డకడుతుంది.

తర్వాత ట్యాంకులో నీళ్లు వదలండి. 275 గ్యాలన్లు ఒక్కసారిగా వదిలితే నీళ్లు పక్కింటి పెరట్లోకో మీ పునాదిలోకో వెళ్తాయి, అందుకే పొడవాటి హోస్‌తో పల్లంవైపు నెమ్మదిగా వదలండి. అయిపోయాక హోస్ తీసేసి వాల్వు పూర్తిగా తెరవండి. అడుగున అంగుళం రెండంగుళాల నీళ్లు మిగిలితే వదిలేయండి, వాటివల్ల ఏమీ కాదు.

ఇప్పుడు వాల్వు. ఇక్కడ చాలామంది దెబ్బతింటారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇలాంటి ట్యాంకులకి తరచుగా ఉండేది బాల్ వాల్వు. లోపల బంతిలాంటి ముక్కకి అడ్డంగా ఒక రంధ్రం ఉంటుంది. పిడి తిప్పితే ఆ రంధ్రం పైపుకి ఎదురుగా వస్తుంది, నీళ్లు పారతాయి. మూసినప్పుడు రంధ్రం అడ్డం తిరుగుతుంది, ఆ క్షణాన అందులో ఉన్న నీళ్లు అక్కడే చిక్కిపోతాయి. ట్యాంకులో చుక్క లేకపోయినా ఆ చెంచాడు నీళ్లు గడ్డకట్టి వాల్వు ఒంటిని చీల్చేస్తాయి. కాబట్టి నీళ్లన్నీ పోయాక వాల్వుని రెండు మూడు సార్లు తెరిచి మూసి, చివరికి సగం తెరిచిన స్థితిలో, పిడి ఏటవాలుగా ఉండేలా వదిలేయండి. పూర్తిగా తెరిచి ఉంచడం కంటే ఇదే మేలు, బంతి చుట్టూ చిక్కిన నీళ్లకి కూడా దారి దొరుకుతుంది.

వాల్వు తెరిచి ఉంటుంది కనుక ఎలుకలు, పురుగులు దూరకుండా మూతికి సన్నటి జాలీ ముక్క కట్టండి. పైన మూత పెట్టే ఉంచాలి. వాల్వుకి బిగించిన ఇత్తడి కుళాయి, అడాప్టర్ విప్పగలిగితే విప్పి గరాజ్‌లో పెట్టండి. వాటి రబ్బరు వాషర్లు కూడా పారేయకుండా ఒక జిప్‌లాక్ సంచిలో వేసి దాచండి, వసంతంలో సరిగ్గా అవే దొరకవు.

హోస్ సంగతి ఇంకొకటి ఉంది. ఇంటి గోడకి ఉండే కుళాయి ఫ్రాస్ట్‌ఫ్రీ (చలికి గడ్డకట్టకుండా చేసిన) రకమే అయినా హోస్ తగిలించి వదిలేస్తే పగులుతుంది. ఆ కుళాయి పనితనమంతా మూసిన తర్వాత గోడ బయటి భాగంలో నీళ్లు మిగలకుండా కారిపోవడంలోనే ఉంది. హోస్ ఉంటే నీళ్లు కారవు. పగులు గోడ లోపల పడుతుంది, వసంతంలో కుళాయి తిప్పినప్పుడు బేస్‌మెంట్‌లో నీళ్లు చూసి తెలుసుకుంటారు. ట్యాంకుతో సంబంధం లేకపోయినా అదే రోజు హోస్ తీసేయండి.

3. నింపి ఉంచేవాళ్లకి: చోటు, మట్టం

ట్యాంకు నిండుగా ఉంచకండి. పై నుంచి కనీసం పదో వంతు ఖాళీ ఉండాలి. అలాగని పావు ట్యాంకు మాత్రమే ఉంచినా ఇబ్బందే, నీళ్లు తక్కువయ్యేకొద్దీ గడ్డకట్టడం త్వరగా జరుగుతుంది. ముప్పావు పైన, పదింట తొమ్మిది వంతులకు కింద ఉంచండి.

ఇంటి దక్షిణపు గోడ పక్కన, ఉత్తరపు గాలికి చాటుగా ఉంటే మంచిది. గాలి వల్ల నీళ్లు వాతావరణం కంటే చల్లబడవు గానీ అక్కడిదాకా చాలా వేగంగా చేరుకుంటాయి. ట్యాంకుని ఎత్తు కోసం సిమెంటు దిమ్మెల మీద పెట్టారా? అప్పుడు అడుగు నుంచి కూడా గాలి కొడుతుంది. నాలుగు వైపులా ప్లైవుడ్‌తోనో గడ్డి మోపులతోనో దిమ్మెల మధ్య సందులు మూసేయండి. గట్టి చలిలో నేల సాధారణంగా గాలి కంటే వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనం కింద నిలుస్తుంది.

దిమ్మెలు ఒకసారి లెవెల్ పెట్టి చూడండి కూడా. నిండిన ట్యాంకు టన్ను పైనే బరువు ఉంటుంది. తడి నేల గడ్డకట్టి ఉబ్బితే ఒక మూల దిమ్మె లేచి ట్యాంకు ఒరుగుతుంది. పిల్లలు ఆడుకునే పెరట్లో ఇది చిన్న విషయం కాదు. కింద కంకర పరిచి, నీళ్లు నిలవకుండా చూస్తే ఈ బెడద తగ్గుతుంది.

4. ఇన్సులేషన్

ఫోమ్, దుప్పటి, గడ్డి ఏదైనా ఉన్న వేడిని పోకుండా ఆపుతుందే తప్ప కొత్తగా వేడి పుట్టించదు. రెండు రోజుల చలికి ఇన్సులేషన్ ఒక్కటే సరిపోవచ్చు. రెండు వారాల చలికి సరిపోదు, దానికి తోడు కొంచెం వేడి ఇవ్వాలి.

అయినా దీన్ని తక్కువ అంచనా వేయొద్దు. బయట 14 డిగ్రీలు, గాలి వీస్తోంది అనుకుందాం. ఏమీ చుట్టని ఐబీసీ టోట్ నుంచి నా ఉరామరి లెక్క ప్రకారం 600 వాట్లకు పైగా వేడి పోతుంటుంది. చుట్టూ, పైనా 2 అంగుళాల మందం గులాబీ లేదా నీలం రంగు ఫోమ్ బోర్డు, అంటే ఆర్-వాల్యూ (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 10 ఉన్నది పెడితే అది సందులు గిందులు పోను వంద వాట్ల లోపుకి దిగుతుంది. మొదటి దానికి 1,500 వాట్ల హీటర్ కావాలి, రెండో దానికి 250 వాట్లది చాలు. ఫోమ్‌కి పెట్టిన డబ్బు కరెంటు బిల్లులో ఎంత త్వరగా తిరిగి వస్తుందో మీరే చూసుకోవచ్చు.

బోర్డుని ఇనుప చట్రానికి ఆనించి కోసి, అతుకుల మీద రేకు టేపు వేయండి. పై మూతని మరవకండి, మంచు మొదలయ్యేది అక్కడే. దాని మీద టార్పాలిన్ కప్పి తాడుతో బిగించండి. ఫోమ్ ఎండకి పొడిపొడి అవుతుంది, గాలికి ఎగిరిపోతుంది, రెండింటికీ టార్పాలినే అడ్డు. నల్ల టార్పాలిన్ అయితే పగటి ఎండ కాస్త పట్టుకుంటుంది.

ఇంట్లో గోడల్లో వేసే గులాబీ దూది వాడకండి. తడిస్తే అది ఎందుకూ పనికిరాదు. పాత దుప్పట్లూ అంతే, ఒక రాత్రికి తప్ప పనిచేయవు.

5. వాల్వుకి, పైపుకి వేడి

వాల్వు చుట్టూ ఒక చిన్న ఫోమ్ పెట్టె చేయండి. ముందువైపు తలుపులా తెరుచుకోవాలి, లేకపోతే వాడిన ప్రతిసారీ చింపి పారేస్తారు. పెట్టె వెనకవైపు ట్యాంకు గోడకి ఆనాలి, మధ్యలో ఫోమ్ ఉండకూడదు. అప్పుడే లోపలి నీళ్ల వెచ్చదనం వాల్వుకి తగులుతుంది.

అది సరిపోని చోట్ల హీట్ కేబుల్, అంటే కరెంటుతో వేడెక్కే తీగ చుట్టండి. దానంతట అదే వేడిని సర్దుకునే రకం కొనండి. కొంచెం ఖరీదు ఎక్కువైనా ప్లాస్టిక్ వాల్వుల మీద అదే భద్రం. మామూలు రకాన్ని ఒకదాని మీద ఒకటి పడేలా చుడితే ఆ చోట మాడిపోయి మంటలు లేచే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ పైపుకి వాడొచ్చా, పైన ఫోమ్ చుట్టొచ్చా అనేవి రెండూ ప్యాకెట్ మీద రాసి ఉంటాయి, చదివాకే డబ్బా తెరవండి. ప్లగ్ పెట్టేది జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ) ఉన్న బయటి సాకెట్‌లోనే.

భూమిలో పాతిన పైపు అయితే మీ ప్రాంతంలో నేల ఎంత లోతు వరకు గడ్డకడుతుందో అంతకంటే కిందికి ఉండాలి. షికాగోలో ఆ లెక్క 42 అంగుళాలు, ఉత్తర మిన్నెసోటాలో 60. ఊరి పర్మిట్ ఆఫీసులో అడిగితే చెబుతారు. అంత లోతు తవ్వలేకపోతే చలికాలంలో ఆ పైపు ఖాళీగా ఉంచండి, మరో దారి లేదు. పశువుల కోసం పైపు వేయిస్తున్నవాళ్లు ఫ్రాస్ట్‌ఫ్రీ హైడ్రంట్ పెట్టించండి. పైన పిడి ఎత్తితే భూమి లోతులో ఉన్న వాల్వు తెరుచుకుంటుంది, దించితే పైకొచ్చిన నీళ్లు కింది చిన్న రంధ్రం గుండా నేలలోకి ఇంకిపోతాయి. దాని అడుగున కంకర లేకపోతే నీళ్లు ఇంకక అదీ గడ్డకడుతుంది. ప్లంబర్ కంకర పోశాడో లేదో గొయ్యి పూడ్చకముందే చూడండి.

6. ట్యాంకు లోపలి హీటర్

ఫార్మ్ సామాన్ల దుకాణాల్లో పశువుల తొట్టెల కోసం డీ-ఐసర్లు, అంటే నీళ్లు గడ్డకట్టకుండా చూసే హీటర్లు దొరుకుతాయి. కొన్ని నీళ్ల మీద తేలతాయి, కొన్ని మునిగి అడుగున కూర్చుంటాయి. 250 నుంచి 1,500 వాట్ల దాకా ఉంటాయి. చాలావాటికి థర్మోస్టాట్ లోపలే ఉంటుంది, నీళ్లు 32కి దగ్గరపడితేనే మొదలవుతాయి. ప్లాస్టిక్ ట్యాంకుకి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి. లేకపోతే అది ట్యాంకు అడుగుకి తగిలి రంధ్రం చేస్తుంది. టోట్ మూతి సుమారు 6 అంగుళాలే ఉంటుంది, కొనేముందు హీటర్ అందులో దూరుతుందో లేదో కొలవండి.

1,500 వాట్లది రోజంతా ఆగకుండా నడిస్తే 36 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే రోజుకి 5 డాలర్ల 40 సెంట్లు. ఫోమ్ పెట్టకుండా హీటర్ మాత్రమే పెట్టినవాళ్లకి జనవరి బిల్లు ఎందుకంత వస్తుందో తెలిసిందిగా.

నీళ్లు కదుపుతూ ఉంటే గడ్డకట్టవని చిన్న పంపు పెట్టేవాళ్లున్నారు. చెరువుల్లో, పడవల రేవుల్లో అది పనిచేస్తుంది, ఎందుకంటే లోతులో 39 డిగ్రీల నీళ్లు బోలెడు ఉంటాయి, వాటిని పైకి తోస్తారు. వెయ్యి లీటర్ల ట్యాంకులో ఆ నిల్వ లేదు. గట్టి చలిలో పంపు అడుగున మిగిలిన కాస్త వెచ్చటి నీళ్లని కూడా పైకి తెచ్చి చల్లబరుస్తుంది. చిన్న చలికి సరే, మినియాపొలిస్ చలికి వద్దు.

ఉప్పు వేస్తే మొక్కలు చస్తాయి. కారులో పోసే యాంటీఫ్రీజ్ విషం, పశువులు తాగే నీళ్ల దరిదాపుల్లోకి కూడా రానివ్వకండి.

టెక్సస్ వాళ్లకి

2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీలు నమోదైంది. ఆ వారం రాష్ట్రంలో లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. హీటర్‌నీ హీట్ కేబుల్‌నీ నమ్ముకుంటే అవి సరిగ్గా కావాల్సిన రోజే ఆగిపోతాయని అప్పుడు తెలిసింది. అందుకే మీరు కరెంటు అవసరంలేని పద్ధతి ఒకటి చేతిలో ఉంచుకోండి.

ఫ్రీజ్ వార్నింగ్ వచ్చి, రాత్రి 28 దాకా మాత్రమే వెళ్లి పొద్దున్నే తేరుకుంటుందంటే వాల్వుకి పాత తువ్వాలు చుట్టి పైన ప్లాస్టిక్ సంచి కట్టండి, చాలు. 20 కిందికి, అదీ ఒక రోజు దాటి ఉంటుందంటే ట్యాంకులో నీళ్లు పదో వంతు తగ్గించండి, హోస్‌లు విప్పండి, వాల్వు తర్వాత ఉన్న పైపుని ఖాళీ చేయండి, ఫోమ్ పెట్టె బిగించండి. వాల్వుని వెచ్చగా ఉంచలేమనిపిస్తే ట్యాంకు మొత్తం వదిలేయండి. అది వాన నీరే, మళ్లీ పడుతుంది.

స్ప్రింక్లర్లకి గోడ పక్కన పైకి లేచి ఉండే బ్యాక్‌ఫ్లో పరికరాన్ని (తోట నీళ్లు వెనక్కి మంచినీళ్లలోకి రాకుండా ఆపేది) అదే రోజు చూడండి. డాలస్ చుట్టుపక్కల చలికి ముందుగా పోయేవాటిలో అదొకటి, మార్పించాలంటే ట్యాంకు కంటే ఎక్కువే అవుతుంది.

గడ్డకట్టేస్తే

కంగారులో బ్లో టార్చ్ తీయకండి, మరిగే నీళ్లు పోయకండి. ప్లాస్టిక్ వాల్వు రెండింటికీ తట్టుకోదు. ముందు కుళాయి తెరవండి. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో కుళాయి చివర నుంచి ట్యాంకు వైపుకి నెమ్మదిగా జరుగుతూ వేడి చేయండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీళ్లకి దారి ఉండదు. డ్రయ్యర్ పట్టుకుని తడి నేల మీద నిలబడొద్దు, కుళాయి నుంచి నీళ్లు వచ్చే వైపు నుంచి పక్కకి జరిగి ఉండండి.

ట్యాంకు పైన కట్టిన మంచుని గునపంతో పొడిచే పని పెట్టుకోకండి. పశువులకి నీళ్లు కావాలంటే వేడినీళ్ల గిన్నె మంచు మీద పెట్టి, కరిగిన గుంత నుంచి తోడుకోవచ్చు. వాల్వు చీలిందని అనుమానం వస్తే కరగకముందే కింద తొట్టె పెట్టండి. మంచు ఉన్నంతసేపూ పగులుని ఆ మంచే మూసి ఉంచుతుంది, కరిగాకే కారడం మొదలవుతుంది.

మార్చిలో

వాల్వు మూసి ట్యాంకుని ముందు జానెడు లోతు మాత్రమే నింపండి. ఒక గంట ఆగి వాల్వు కింద, అడాప్టర్ మరల దగ్గర పొడి కాగితం పెట్టి చూడండి. తడి తగలకపోతే సగం దాకా, మర్నాడు పూర్తిగా. వాషర్ గట్టిపడి ఉంటే మార్చేయండి, దాని ఖరీదు డాలరు కూడా ఉండదు. గట్టర్ డైవర్టర్‌ని తిరిగి ట్యాంకు వైపు తిప్పే ముందు పైకప్పు మీద చలికాలమంతా పేరుకున్న ఆకులూ మురికీ మొదటి రెండు వానలకి కొట్టుకుపోనివ్వండి.